పరుగుల సీమకు పాలమూరు నుండి

నైరోబి నగరమును వెనుకవైచి వాయవ్యముగా సాగు రాజమార్గము, లిమూరు తేయాకు తోటల పచ్చదనము నడుమ కొంతదూరము మెల్లమెల్లగా ఎగబ్రాకి, ఇక ముందు నేల లేదేమో యనిపించు ఒక అంచునకు వచ్చి నిలుచును. ఆ అంచు క్రింద, ఎంతో లోతున, ఈ దరినుండి ఆ దరికి చూపు చాలనంత వెడల్పున, రిఫ్ట్ వ్యాలీ పరచుకొని యున్నది. భూమి నేటికిని రెండుగా చీలుచున్న చోటది. పాలమూరు చెల్కలలో పుట్టి పెరిగిన నాకు ఇట్టి ఆకస్మికత అలవాటు లేదు. మా నేల ఎవరిని ఉలికిపడజేయదు. జడ్చర్ల దాటి కల్వకుర్తి మీదుగా దేవరకొండ వఱకు పోయినను అదే ఎఱ్ఱమన్ను, అవే బోడగుట్టలు, ఒకదానిపై నొకటి ఎవరో పేర్చి మఱచిపోయినట్లున్న అవే గుండ్లు, నడుమ నడుమ తంగేడు పొదలు, సీతాఫలపు చెట్లు, వేసవికి ముందే ఎండిన కుంటలు. ఇన్నూటయేబది కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల మాది. తన బాల్యపు టల్లరిని అది ఎన్నడో మాని కూర్చున్నది.

నేను కెన్యా దేశమునకు సింహములను, జిరాఫీలను చూచుటకు పోలేదు. మనుష్యులు పరుగెత్తుట చూచుటకు పోయితిని. ఈ మాట విన్న మిత్రులు నవ్విరి. టెలివిజనులో చూడరాదా యనిరి. టెలివిజను గెలిచినవానిని మాత్రమే చూపును. వాడు లేచిన ఊరు, వాడు తిన్న ముద్ద, వాని వెనుక పరుగెత్తి ఎవరికిని కనబడక పోయిన వేలమంది, నాకు చూడవలెననిపించినవి ఇవి.

లోయలోనికి దిగిన పిమ్మట దారి ప్రక్కన అచ్చటచ్చట పాత రైలుకట్ట కనిపించుచుండెను. 1896లో మొంబాసా రేవున మొదలై 1901లో విక్టోరియా సరస్సు ఒడ్డు చేరిన ఆ మార్గమును వేయుటకు ఆంగ్లప్రభువులు మన దేశమునుండి, ముఖ్యముగా పంజాబునుండి, ముప్పదివేలకు పైబడిన కూలీలను ఓడల కెక్కించి తెచ్చిరి. వారిలో దాదాపు 2,500 మంది ఆ మట్టిలోనే కలిసిపోయిరి. ఆ కట్టను చూచుచు నేను పాలమూరు లేబరును తలపకుండ ఉండలేకపోయితిని. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము మొదలుకొని, దేశములో ఆనకట్ట యెక్కడ లేచినను, కాలువ యెక్కడ సాగినను, తట్టయు పాఱయు పట్టిన మా జిల్లావారు అచట నుండిరి. వారు ఎందఱి పొలములకో నీరు పారించిరి. తిరిగి వచ్చి తమ చెల్కలో ఆకాశమువంక చూచిరి.

నకూరు పట్టణమున తేనీటికై ఆగితిమి. టీ కాచుచున్న నడివయసు స్త్రీ మొదట మా ఆరోగ్యమును, పిదప ప్రయాణమును, ఆ పిదప ఇంటివారి క్షేమమును అడిగి, అవన్నియు ముగిసిన తరువాతగాని మాకేమి కావలెనో అడుగలేదు. ఆ దేశమున పలకరింపు పూర్తికానిదే వ్యవహారము మొదలు కాదు. తొందరపడువానిని వారు కసరుకొనరు, జాలిగా చూతురు. ఆమె నవ్వినప్పుడు పలువరుసపై గోధుమరంగు చారలు కనబడినవి. నాకు ప్రాణము చివుక్కుమన్నది. ఆ చారలను నేనెఱుగుదును. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములలో ముప్పదియేండ్లకే వంగిన వెన్నులను, దొడ్డికాళ్లతో గోడ పట్టుకొని నడచు పిల్లలను చూచినవారెవ్వరును ఆ రంగును మఱువజాలరు. నల్లగొండలో గ్రానైటు శిలనుండి, ఇచ్చట అగ్నిపర్వతశిలనుండి అదే ఫ్లోరైడు బావినీటిలోనికి దిగుచున్నది. మా వైపున ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణాజలము వచ్చుచున్నది, క్రొత్తగా పుట్టినవారి ఎముకలు నిలువుగా పెరుగుచున్నవి. కాని వంగినవి వంగియే యున్నవి. ఇచ్చటి ప్రఖ్యాత పరుగువీరులలో అధికులు ఈ లోయ అడుగున గాక, పైనున్న గట్లమీద వాననీటి వాగుల నడుమ పెరిగినవారు. పరుగు మాట వచ్చినప్పుడు లోకము ఊపిరితిత్తులను గూర్చి మాటలాడును. నల్లగొండ నెఱిగినవానికి మొదట స్ఫురించునది త్రాగునీరు.

నకూరు దాటిన పిమ్మట దారి మరల ఎక్కనారంభించినది. టింబొరోవా యొద్ద తొమ్మిదివేల అడుగులకు పైబడిన యెత్తున, భూమధ్యరేఖకు కూతవేటు దూరమున, శాలువా కప్పుకొని వణకుచు నిలిచితిని. అచట భోజనము ఉగాలి: తెల్లని మొక్కజొన్నపిండిని మరుగునీట గట్టిగా గెలికి చేసిన ముద్ద, దానికి తోడు సన్నగా తరిగి మగ్గించిన ఆకుకూర. చేతితో ముద్దచేసి బొటనవ్రేలితో గుంట నొక్కి అందులో కూరనెత్తుకొని తినుట చూచినప్పుడు, సంగటి తినువారి మధ్య కూర్చుంటిననుకొంటిని. ఉదయమున వారు త్రాగు ఉజీ మా తైదంబలియే. కొంచెము పులుపు, కొంచెము తీపి. ఇందులో వింత లేదు. జొన్నయు, తైదయు ఆఫ్రికా ఖండమున పుట్టి వేలయేండ్ల క్రిందట సముద్రము దాటి మనకు చేరినవని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. పాలమూరువాడు తన అచ్చమైన సొంత తిండి యని గర్వించు జొన్నరొట్టెకు పుట్టినిల్లు ఆ ఖండమే. చిత్రమేమన, అమెరికానుండి వచ్చిన మొక్కజొన్న వారి తైదను వెనుకకు నెట్టినది. 1983లో వచ్చిన రెండురూపాయల కిలో బియ్యము మా జొన్నరొట్టెను నెట్టినది. ఇరువురమును ఇప్పుడు పాత తిండిని మందువలె వెదకుకొనుచున్నాము.

ఎల్డోరెట్ పట్టణమును గూర్చి చెప్పవలసినది తక్కువ. అచటి వీధులలో పరుగు సొమ్ముతో లేచిన భవనములు పెక్కు గలవు. ఒక అంగడివాడు వాటిని చూపుచు, ఇది బోస్టను, అది బెర్లిను అని నవ్వుచు చెప్పెను. నారాయణపేట, కోస్గి వైపు పల్లెలలో ‘ఇది బొంబాయి ఇల్లు’ అని చూపుటను నేను వినియుంటిని.

ఇటెన్ అను ఊరు ఆ పట్టణమునకు కొంత దూరమున, 2,400 మీటర్ల యెత్తున, ఎల్గెయో గట్టు అంచున కూర్చున్నది. ఊరి మొదట ‘విజేతల నిలయము’ అని ఆంగ్లమున వ్రాసిన తోరణము. కొలదిగా నడచి గట్టు కొసకు పోయినచో, క్రింద కెరియో లోయ మబ్బుల నీడలతో మచ్చలు మచ్చలుగా కనబడును. తెల్లవారుజామున ఆరుగంటలకు మునుపే లేచి దారి ప్రక్కన నిలుచుంటిని. ఇంకను చీకటి విడలేదు. మొదట వినబడినది అడుగుల సవ్వడి, తరువాత ఊపిరి, ఆ పిమ్మట మనుష్యులు. ఇరువదిమంది, నలువదిమంది, మరల పదిమంది, ఒక్కొక్క గుంపుగా ఎఱ్ఱమట్టి బాటపై ఎదురెక్కి పోవుచుండిరి. ఎవరును మాటలాడరు. ముందున్నవాడు ఒలింపిక్ పతకము గెలిచినవాడు కావచ్చును, వానిని అంటిపెట్టుకొని పోవుచున్నవాడు నిన్న పల్లెనుండి వచ్చినవాడు కావచ్చును, చూచువారికి తెలియదు. బడికి పోవు చిన్నపిల్లలు కొందఱు ఆ గుంపు తోక పట్టుకొని నూరడుగులు పరుగెత్తి, అలసి, నవ్వుకొని, మరల నడకకు దిగుచుండిరి. వారిని ఎవరును అదలింపలేదు.

ఆ ఊరి సెయింట్ ప్యాట్రిక్ పాఠశాలకు 1976లో ఐర్లండునుండి భూగోళశాస్త్రము చెప్పుటకు వచ్చిన బ్రదర్ కోల్మ్ ఓకానెల్, పరుగు శాస్త్రము నేర్చినవాడు కాకయే శిక్షకుడై, డేవిడ్ రుడీషా వంటి పరుగువీరులను ప్రపంచమునకు అందించెను. ఇట్టి వృత్తాంతములు విన్నకొలది కారణములు వెదకు కోరిక నాలో సన్నగిల్లినది. పుస్తకములు చెప్పు కారణములు మూడు: కొండ యెత్తున గాలి పలుచన, పిక్కలు సన్నన, చిన్ననాట బడికి మైళ్లకొలది పరుగు. కొండయెత్తే కారణమైనచో నేపాళమునుండి, బొలీవియానుండి వీరులు గుంపులు గుంపులుగా రావలసినది. బడి దూరమే కారణమైనచో అచ్చంపేట అడవి అంచు పిల్లలు, దేవరకొండ తండాల పిల్లలు ఒలింపిక్సును ఏలవలసినది. పిక్కల సంగతి చెప్పనక్కరలేదు. కరవు మా వారికి పిక్కలను ఏనాడును లావెక్కనీయలేదు. ఈ మూడును అబద్ధములని నేననను. కాని చీకటిలో ముందు పోవువాని అడుగుల చప్పుడు విని వెనుకవాడు తన అడుగు వేయుట అను నాలుగవ కారణమును నేను కన్నులార చూచితిని, దానిని కొలుచుటకు యంత్రము లేదు గనుక పుస్తకముల కెక్కలేదు.

అచటినుండి కప్తగాట్ పోయితిమి. అడవి అంచున ఒక సాధన శిబిరము. మారథాను వీరుడు ఎలియుడ్ కిప్చోగే ఏండ్లతరబడి వారములో అధికభాగము నివసించిన చోటు. కోటీశ్వరుడైన తరువాతను అతడు అచట తన వంతు వచ్చినప్పుడు మరుగుదొడ్లు కడుగుచుండెనని వినియుంటిని. ఆ ప్రాంతమువారికి అది విశేషముగా తోచదు. నేనడిగినవాడు, ‘వాడుకొనువాడు కడుగవలెను గదా’ యనెను.

కిప్చోగే 1984 నవంబరు 5న నాండి ప్రాంతమున కప్సిసియ్వా అను గ్రామమున పుట్టినవాడు. తండ్రి ముఖమును పటములో తప్ప ఎఱుగడు. తల్లి పసిపిల్లల బడిలో పంతులమ్మ. చదువు ముగిసిన పిదప ఇరుగుపొరుగు ఇండ్ల పాలు సేకరించి, సైకిలుపై సంతకు చేర్చి అమ్మెడివాడు. అదే ఊరివాడు, 1992 బార్సిలోనా ఒలింపిక్సులో స్టీపుల్‌చేజ్ పరుగున రజతము గెలిచిన ప్యాట్రిక్ శాంగ్‌ను ఈ కుఱ్ఱవాడు సాధనక్రమ మేదైన చెప్పుమని అడిగెను; చెప్పినది ముగించుకొని మరల వచ్చి నిలిచెను; మరల వచ్చెను. ఆ గురుశిష్యులు అప్పటినుండి విడివడలేదు. 2003లో పారిస్ నగరమున, పదునెనిమిదియేండ్ల యీ బాలుడు 5,000 మీటర్ల ప్రపంచ పోటీలో మొరాకో దేశపు హిషామ్ ఎల్ గెరూజ్‌ను, ఇథియోపియా దేశపు కెనెనీసా బెకెలెను వెనుకవైచి స్వర్ణము గెలిచెను. ఎల్ గెరూజ్‌కును అతనికిని నడుమ సెకనులో నూఱవ పాళ్లు నాలుగు. 2004 ఏథెన్సులో కాంస్యము, 2008 బీజింగులో రజతము. 2003 నుండియే ప్రతిదినపు సాధనను నోటుపుస్తకములలో వ్రాసి పెట్టుకొనుచు వచ్చెను.

నాకు ఇష్టమైన ఘట్టము వీటిలో ఏదియు గాదు. 2012లో లండను ఒలింపిక్సుకై కెన్యా జరిపిన ఎంపిక పోటీలో అతడు ఏడవవాడై మిగిలిపోయెను. అప్పటికి ఇరువదియేడేండ్లు, దేశమంతట క్రొత్త కాళ్లు పుట్టుకొని వచ్చుచున్నవి. మా వైపు మాటలో, పని దొరకని యేడు అది. అట్టి యేడున పాలమూరువాడు సూరతు మాని పూనా పోవును. పూనా మాని బొంబాయి పోవును. కిప్చోగే మైదానము మాని రోడ్డు కెక్కెను. 2013 ఏప్రిల్‌లో హాంబర్గున తొలి మారథాను గెలిచి, అదే యేడు బెర్లినున రెండవవాడై, ఆపైన 2014 నుండి 2019 వఱకు తానెక్కిన ప్రతి మారథానును గెలిచెను. 2016 రియోలో ఒలింపిక్ స్వర్ణము. 2018 బెర్లినున 2 గంటల 1 నిమిషము 39 సెకన్లు, అంతకు ముందున్న ప్రపంచ రికార్డుకన్న 78 సెకన్లు తక్కువ. 2021లో సప్పొరో వీధులలో టోక్యో ఒలింపిక్సు స్వర్ణము. 2022 బెర్లినున 2:01:09. 2019 అక్టోబరు 12న వియన్నాలో, నలువదియొక్కమంది తోడుపరుగువారు వంతులవారీగా గాలిని కాచుచుండ, 42 కిలోమీటర్ల చిల్లరను 1 గంట 59 నిమిషముల 40 సెకన్లలో ముగించెను. అది నిబంధనల ప్రకారము జరిగిన పోటీ కాదు గనుక రికార్డు పుస్తకమున చేరలేదు. జనుల జ్ఞాపకమున మాత్రము అదే నిలిచినది. 2024 పారిస్‌లో, ముప్పదితొమ్మిదియేండ్ల వయసున, ముప్పదవ కిలోమీటరు ప్రాంతమున ఆగిపోయెను. మారథానును మధ్యలో విడుచుట అతనికదే మొదటిసారి.

కప్తగాట్ అడవిదారిలో నడచుచు నేను గుంపు మేస్త్రీలను గూర్చి ఆలోచించితిని. మా జిల్లాలో మేస్త్రీ పల్లెకు వచ్చి, అడ్వాన్సు ఇచ్చి, పదిమందిని ఏర్చి, పంటలు చేతికి రాగానే లారీ యెక్కించుకొని పోవును. తొలకరికి వారు తిరిగి వచ్చి మిత్తి కట్టి, మిగిలినచో ఒక గది వేసుకొందురు. ఇచ్చట మేనేజరులు ఐరోపానుండి వచ్చి పరుగువారిని ఏర్తురు. బహుమానమున నూటికి పదిహేను పాళ్లు వారికి చెందుట వాడుక. ఏప్రిల్‌లో బోస్టను, లండను, సెప్టెంబరులో బెర్లిను, అక్టోబరులో చికాగో, నవంబరులో న్యూయార్కు. ఋతువునుబట్టి పోవుట, సొమ్ముతో తిరిగివచ్చుట, ఆవులు కొనుట, నేల కొనుట, తమ్ముని బడికి పంపుట. లోకమంతయు క్రీడ యని చప్పట్లు కొట్టుచున్నది గాని, దగ్గఱనుండి చూచినచో నాకది వలసగానే కనబడినది. భేదమొక్కటే: వారి వలసదారి యొక్క మొదటి మెట్టు ఊరి ముందఱనే, తెల్లవారుజామున, అందఱి కన్నుల యెదుట నున్నది. మా వారి దారి రాత్రివేళ లారీలో మొదలగును.

ఆ మెట్లపై జాఱినవారి కథలు తోరణములపై వ్రాయరు. 2021 సెప్టెంబరులో మహిళలు మాత్రమే పాల్గొను 10 కిలోమీటర్ల రోడ్డు పరుగున ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఆగ్నెస్ టిరోప్ అక్టోబరులో ఇటెన్‌లోని తన యింటనే కత్తిపోట్లకు బలియైనది, ఇరువదియైదేండ్లది. గెలిచిన స్త్రీ సొమ్ముపై ఎవరి కన్ను పడునో, ఆ కన్ను ఇంటిలోనే యుండునో, ఆ ఊరి స్త్రీలు ఇప్పుడు బహిరంగముగా మాటలాడుకొనుచున్నారు. నిషిద్ధ ఔషధముల పాలై బహిష్కృతులైనవారి జాబితాయు చిన్నది కాదు. 2014లో పట్టుబడిన రీటా జెప్టూ అప్పటికి బోస్టనున మూడుమారులు గెలిచినది; ఆ యేటి గెలుపు పిదప రద్దయినది. కెల్విన్ కిప్టుమ్ కథ వేఱు. పశువుల వెనుక తిరుగు వయసున పెద్దవారి వెంట వట్టికాళ్లతో పరుగెత్తినవాడు, 2023 అక్టోబరు 8న చికాగోలో 2:00:35 కాలమున కిప్చోగే రికార్డును తుడిచెను. 2024 ఫిబ్రవరి 11 రాత్రి ఇదే కప్తగాట్ సమీపమున కారు ప్రమాదమున, తన రువాండా శిక్షకునితో కూడ, మరణించెను. ఇరువదినాలుగేండ్లు. ఆ దారిన మమ్ము తీసికొనిపోవు డ్రైవరు ఒకచోట వేగము తగ్గించి, ఏమియు చెప్పక, మరల సాగెను.

కడపట నాండి కొండలు. తేయాకు తోటలు గడ్డిదుప్పటివలె కప్పిన యీ కొండల వారే, రైలుకట్ట తమ నేలనుండి పోరాదని పదియేండ్లకు పైగా ఆంగ్లేయుల నెదిరించిరి. 1905లో వారి నాయకుడు కొయిటలెల్ అరప్ సమోయిని సంధి మాటలకు పిలిచి కాల్చి చంపిరి. అదే జాతిలో 1940లో పుట్టిన కిప్చోగే కెయినో, 1968 మెక్సికోలో 1,500 మీటర్ల స్వర్ణము గెలిచి లోకమునకు ఆ కొండల పేరు తెలిపెను. ఆనాడు పోలీసు శాఖలో వ్యాయామ శిక్షకుడాయన. నేటికిని కెన్యాలో పోలీసు, సైన్యము, జైలు శాఖలు పరుగువారికి ఉద్యోగమిచ్చి పోషించుచున్నవి. మాకు ఆతిథ్యమిచ్చిన యింట ముసలమ్మ సొరబుఱ్ఱనుండి ముర్సిక్ పోసి ఇచ్చినది. పులిసిన పాలు, బూడిదరంగు చారలతో. పతకము గెలిచి వచ్చినవానికి విమానాశ్రయముననే త్రాగించునది ఇదే. బుఱ్ఱ లోపల రాచిన బొగ్గు ఏ చెట్టుదని అడిగితిని. ఆమె పెరటిలోనికి చేయి చూపినది: పసుపుపచ్చని పూవుల గుత్తులతో ఒక పొద. అది మా తంగేడునకు దాయాది, ఒకే సెన్నా జాతి. మేము బతుకమ్మలో పేర్చు పూవు చెల్లెలు వారి వీరుల పాలలో ఉన్నది. ఆ పాలు నాకు రుచింపలేదని కూడ చెప్పవలెను. పొగవాసన గొంతున చాలసేపు నిలిచినది. రెండవమారు పోయబోగా, మా మజ్జిగ అలవాటును సాకుగా చెప్పి తప్పించుకొంటిని.

తిరిగి వచ్చిన పిమ్మట, పని మీద పాలమూరునుండి దేవరకొండ మీదుగా నల్లగొండ పోవుచు, ఒక తెల్లవారుజామున దేవరకొండలో ఆగితిని. దుర్గము గుట్టలు అప్పుడప్పుడే తేటపడుచుండెను. మైదానమున సుమారు ముప్పదిమంది యువకులు, ప్రక్కగా కొందఱు యువతులు, పరుగెత్తుచుండిరి. పూర్వమైనచో గమనింపక పోయెడివాడనేమో. వారెల్లరు ‘ఈవెంట్స్’కు సిద్ధమగుచున్నవారు. కానిస్టేబులు ఉద్యోగమునకు పురుషులు 1,600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తవలెను. 2022 నోటిఫికేషనులో పురుషులకిచ్చిన కాలము 7 నిమిషముల 15 సెకన్లు. అడుగుల సవ్వడి అదే. బాట రంగును అదే. ఊపిరి మాత్రము చెదరుచుండెను. కొందఱు మొదటి చుట్టుననే ప్రాణమంతయు ఖర్చు పెట్టి మూడవ చుట్టున నడుము పట్టుకొని నిలుచుచుండిరి. వారి ముందు పరుగెత్తి చూపువాడు లేడు.

గట్టుమీద స్టాపువాచి పట్టుకొని కూర్చున్న యువకుని పలకరించితిని. తండావాడు గాదు, ఊరివాడే, డిగ్రీ అయినది. నేను చూచివచ్చిన దేశమును గూర్చి చెప్పగా ఆసక్తిగా వినెను.

‘గాళ్లెంత సంపాయిస్తరు సార్?’

బోస్టనున గెలిచినవానికి ఇటీవలి యేండ్లలో లక్షాయేబదివేల డాలర్లని చెప్పితిని. అతడు మనసున లెక్కవేసికొని, తల యూపి, ‘మరి పదో నెంబరొచ్చినోనికి?’ అని అడిగెను. నేను ఇటెన్‌లో అడుగవలసిన ప్రశ్న అదియే, ఎవరిని అడుగలేదు.

‘నువ్వు ఉరుకుత లేవేం?’ అంటిని.

‘పోయినసారి ఆరు నిమిషాల లోపల్నే ఉరికిన సార్. ఎత్తుల కొట్టేశిన్రు. నూటఅరవైయేడు పాయింట్ ఆరు ఉండాలె. నేను అరసెంటీమీటరు తక్కువున్న. ఇప్పుడు తమ్మునికి టైం చూస్తున్న.’

కొంతసేపు ఊరకుండి, ఆ కిప్చోగే అను ఆయన యెంత యెత్తని అడిగెను. 167 సెంటీమీటర్లని చెప్పితిని.

అతడు పకపక నవ్వెను. ‘అయితె గాయినెను గూడ మనకాడ గేటుకాడికెల్లే వాపస్ తోలుదురు’ అని, నాలుగవ చుట్టు ముగించి వచ్చుచున్న తమ్మునివైపు తిరిగి, గడియారము చూచి, ‘ఇంక పది సెకన్లు తగ్గాలెరా! మొదటి రౌండు మెల్లగ తీయమన్ననా లేదా?’ అని గట్టిగా కేకవేసెను.